కేబుల్‌లో చిక్కిన ఛార్జిని కొలిచే చదువు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీటెక్ ట్రిపుల్ ఈ మూడో ఏడాది. హై ఓల్టేజీ డీసీ కేబుళ్ల ఇన్సులేషన్‌లో స్పేస్ ఛార్జ్ కొలవడం మీద సెమినార్ ఇచ్చిన దగ్గర్నుంచి పీజీలో అదే చేస్తానంటోంది. చుట్టాలంతా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ అమ్మాయి దేని మీద మనసు పడిందో ముందు మీకు తెలియాలి. అది తెలియకుండా సరేనన్నా, వద్దన్నా మీకు నెమ్మది ఉండదు.

మన ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. కేబుల్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ పొరలో, అంటే ఇన్సులేషన్‌లో, ఛార్జి పేరుకునే వ్యవధే ఉండదు. డీసీలో ఓల్టేజీ ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది కాబట్టి, రోజులు గడిచేకొద్దీ కొంత ఛార్జి ఆ పొరలోనే చిక్కుకుపోతుంది. అదే స్పేస్ ఛార్జ్. అది చేరాక ఒకచోట విద్యుత్ ఒత్తిడి తగ్గి, మరోచోట డిజైనర్ వేసుకున్న లెక్కను దాటిపోవచ్చు. అక్కడే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. సముద్రం అడుగున వేసిన కేబుల్ అలా పోతే బాగుచేయడానికి ఓడ కట్టుకుని వెళ్లాలి.

మరి కోయకుండా లోపల ఏముందో చూడటమెలా? చీకటి బావిలో రాయి వేసి, చప్పుడు ఎంతసేపటికి వినిపించిందో దాన్నిబట్టి లోతు అంచనా వేస్తాం కదా. ఇదీ దాదాపు అంతే. కేబుల్‌కు అతి తక్కువ సేపు ఉండే ఓల్టేజీ పల్స్ ఇస్తారు. ఛార్జి ఉన్నచోటల్లా పొర సన్నగా అదురుతుంది, ఆ శబ్దాన్ని బయట అతికించిన పీజో సెన్సర్ (అదురును కరెంటు సిగ్నల్‌గా మార్చేది) పట్టుకుంటుంది. ఆ పొరకు వాడే పాలిథిలిన్ ప్లాస్టిక్‌లో శబ్దం సెకనుకు సుమారు 2,000 మీటర్లు పోతుంది. అంటే ఒక మిల్లీమీటరు దాటడానికి అర మైక్రోసెకను. వచ్చిన సమయం ఛార్జి ఎక్కడుందో చెబుతుంది, శబ్దం బలం ఆ ఛార్జి ఎంతుందో చెబుతుంది. జపాన్‌లో 1980లలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని పీఈఏ (పల్స్‌డ్ ఎలక్ట్రో అకౌస్టిక్) అంటారు. పూర్తి సైజు కేబుళ్ల మీద ఇలాంటి కొలతలు ఎలా చేయాలో ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ 2017లో 1732 నంబరుతో మార్గదర్శకం కూడా ఇచ్చింది.

ఇక అసలు కష్టం సెన్సర్ తర్వాత మొదలవుతుంది. మందమైన పొర దాటేసరికి శబ్దం బలహీనపడి, సాగిపోతుంది. నాయిస్, అంటే అక్కర్లేని సిగ్నల్, కలుస్తుంది. లోపల కరెంటు పారే తీగ (కండక్టర్) వేడిగా, బయట చల్లగా ఉంటే లెక్క ఇంకా మారుతుంది. ఆ గజిబిజి సిగ్నల్ నుంచి అసలు ఛార్జిని వెలికితీయడమంతా గణితం, ప్రోగ్రామింగ్. మీ చుట్టాలు చెప్పే సాఫ్ట్‌వేర్ ఇందులోనే ఉందమ్మా. రేపు ఈ దారి వద్దనుకున్నా ఆ నైపుణ్యం వృథా కాదు.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. ఇది బీటెక్‌తో ఆగితే దొరికే పని కాదు. ఎంటెక్ కనీసం కావాలి, పరిశోధన వైపు వెళితే పీహెచ్‌డీ తప్పదు. సీట్లూ తక్కువ, పోస్టులూ తక్కువ. క్యాంపస్‌లో ఒకేసారి యాభై మందిని తీసుకునే రంగం కాదు. అలాగని గాలిలో మేడ కూడా కాదు. తమిళనాడులోని పుగళూరు నుంచి కేరళలోని త్రిశూర్‌కు 2,000 మెగావాట్లు తెచ్చే 320 కిలోవోల్టుల డీసీ లైను 2021లో మొదలైంది, అందులో కేరళ వైపు కొంత దూరం భూగర్భ కేబులే. యూరప్‌లో సముద్రపు గాలిమరల కరెంటు ఒడ్డుకు చేరేది చాలాచోట్ల ఇలాంటి కేబుళ్లలోనే. ప్రిస్మియన్, నెక్సాన్స్, ఎన్‌కేటీ లాంటి తయారీ సంస్థలకూ, టెస్టింగ్ ల్యాబులకూ ఈ కొలత తెలిసినవాళ్లు కావాలి. చదువుకు బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ మద్రాస్ చూడండి. విదేశాల్లో బొలోన్యా, సౌతాంప్టన్, డెల్ఫ్ట్ యూనివర్సిటీలకు ఈ రంగంలో మంచి పేరుంది.

ఇప్పుడే అవునూ కాదూ తేల్చకండి. ఈ సెలవుల్లో రెండు పనులు చేయించండి. హైదరాబాద్‌లో సీపీఆర్‌ఐ (కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ) వారి అల్ట్రా హై ఓల్టేజీ ల్యాబ్ ఉంది, చూసేందుకు వీలిస్తారేమో కాలేజీ లేఖతో అడగమనండి. రెండోది నాకు ముఖ్యం. పైథాన్‌లో తనే ఒక ఛార్జి పంపిణీ ఊహించి, దాన్ని సెన్సర్ చూసినట్టు మసకబార్చి, నాయిస్ కలిపి, మళ్లీ అసలు దాన్ని రాబట్టమనండి. మొదటిసారి గ్రాఫ్ పిచ్చిగీతల్లా వస్తుంది. వారం తర్వాత కూడా దాంతోనే కుస్తీ పడుతుంటే గేట్‌కు కూర్చోబెట్టండి. విసుగుపుడితే డిగ్రీ చేతికొచ్చేలోపు ఆలోచించుకోవడానికి ఇంకా ఏడాది ఉంది. గ్రాఫ్ ఎలా వచ్చినా సరే, దాన్ని పట్టుకుని ఒకసారి నా దగ్గరికి రమ్మనండి. ఏ పీజీలకు అప్లై చేయాలో ముగ్గురం కూర్చుని చూద్దాం.