చిత్రకళ చదువుతానంటున్న మేనల్లునికి

చిరంజీవి మేనల్లునికి,

అనంతపురం నుండి మామయ్య ఆశీస్సులు. ఇంటర్ పూర్తికాగానే చిత్రకళలో చేరతానని నీవు పట్టుబట్టినందుకు మీ నాన్నగారు కలత పడుతున్నారని అక్కయ్య ఫోనులో చెప్పింది. చేరమనో మానమనో చెప్పే ముందు, అసలు మనుషులు ఈ దారిలోకి ఎందుకు వస్తారో నేను చూసినంతవరకు రాస్తున్నాను.

పేరు కోసం వస్తారంటారు. జీవితమంతా దుకాణాల బోర్డులు రాసిన నాకు వాటి కింద సంతకం పెట్టే వీలు ఎన్నడూ కలగలేదు. ఒకరి కింద పనిచేయనక్కరలేదని వస్తామనేవారూ ఉన్నారు గాని, పని ఇచ్చిన కొట్టు యజమాని, పెళ్లివారు, పార్టీ నాయకుడు అందరూ పెత్తనం చేసేవారేనని వారికి ఆరు నెలలలోనే తెలిసివస్తుంది.

ధర్మవరం దగ్గర తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంటకు వెళ్లి ఒక పూట కూర్చొని చూడు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుతురు పారేంత పలుచగా చేసి ఆరబెట్టిన తరువాతే అక్కడ గీత మొదలవుతుంది. ఆ పైన నగల అంచుల వెంబడి చిన్న చిన్న రంధ్రాలు కొట్టనిదే బొమ్మ తెర మీద మెరవదు. సినిమాలు, టీవీలు వచ్చి ఆట చూసేవారు తగ్గాక, అదే తోలుతో దీపాలకు తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అది ముదిమిలో వచ్చిన గౌరవమే గాని, అన్నేళ్లు ఆయన ఉలి పట్టింది దాని కోసం కాదు. వంశవృత్తి కనుక చేశారనడం కూడా సగం మాటే, ఎందుకంటే వంశవృత్తిని వదిలి కూలికి పోయినవారు మన జిల్లాలో కోకొల్లలు.

నాకు తెలిసిన కారణం ఒక్కటే: పని సరిగా కుదరకపోతే వారికి నిద్ర పట్టదు. లక్ష్మీ స్టోర్స్ అని బోర్డు రాసేటప్పుడు, క్ష కింద మ ఒత్తుకు చోటు వదలకుండా అడుగు గీత కొడితే ఆ ఒత్తు నలిగిపోతుంది. యజమానికది కనబడదు, డబ్బులూ ఇచ్చేస్తాడు; అయినా టర్పెంటైన్ గుడ్డతో తుడిచి మళ్లీ రాసేవాడే ఈ పనిలో నిలుస్తాడు. ఫ్లెక్సీలు వచ్చాక మాలో చాలామందికి పని పోయింది గాని, ఆ పట్టింపు ఉన్నవారు బడి గోడలకో, కంప్యూటర్ డిజైనుకో మళ్లి నిలదొక్కుకున్నారు. ఎవరూ అడగని బొమ్మను నీవు ఎన్నిసార్లు దిద్దుతున్నావో చూసుకో. పొగిడితేనే చేయి కదిలేటట్లయితే మామూలు డిగ్రీలో చేరి, బొమ్మలు ఆదివారాలకు ఉంచుకో.

దిద్దేవాడివే అయితే, 2020లో కడపలో ఏర్పడిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.ఏ., అంటే లలితకళల డిగ్రీ, ఉంది, ఇంటికీ దగ్గర. మీ నాన్నగారిది కోపం కాదు, నీ కూడు గురించిన భయం; అందుచేత అక్షరాలు రాయడమో, కంప్యూటర్ మీద డిజైను చేయడమో, నెలనెలా నాలుగు రూపాయలు తెచ్చే పని ఒకటి చదువుతోపాటే నేర్చుకుంటానని ఆయనకు మాటివ్వు. పని ఒప్పుకున్నప్పుడు ధర కాగితం మీద రాయించుకొని, సగం అడ్వాన్సు చేతిలో పడ్డాకే బ్రష్షు ముంచు. బంధువులకైనా ఇదే నియమం. గృహప్రవేశానికి గోడ మీద వేంకటేశ్వరస్వామిని వేయమని మీ పెదనాన్న అడుగుతాడు, ఆయన దగ్గర రంగుల ఖర్చయినా ముందే తీసుకో.

ఇట్లు,
మీ మామయ్య