బల్బు కొత్తదే, 12 వోల్టులూ వస్తున్నాయి.. అయినా మసకే!

ప్రశ్న: మా కారు ఎడమవైపు టెయిల్ ల్యాంప్‌లో బ్రేక్ లైటు మసగ్గా వెలుగుతోంది. బ్రేక్ తొక్కినప్పుడు పక్కనున్న ఇండికేటర్ కూడా కాస్త మినుకుమంటోంది. బల్బు మార్చాను, ఫ్యూజ్ బాగానే ఉంది. బల్బు తీసేసి హోల్డర్ దగ్గర మల్టీమీటర్‌తో చూస్తే 12 వోల్టులు చూపిస్తోంది. లోపం ఎక్కడ?

జవాబు: ఇండికేటర్ మినుకుమంటోందన్నారు చూడండి, అసలు ఆధారం అదే. టెయిల్ ల్యాంప్‌లోని బల్బులన్నిటికీ సాధారణంగా ఎర్త్ (కరెంట్‌ను కారు బాడీకి తిరిగి చేర్చే తీగ) ఒకటే ఉంటుంది. అది తుప్పు పట్టినా, వదులైనా బ్రేక్ ఫిలమెంట్ గుండా వచ్చిన కరెంట్‌కు తిరిగెళ్లే దారి మూసుకుపోతుంది. దాంతో ఇండికేటర్ ఫిలమెంట్‌లోంచి ఎదురెక్కి, ముందున్న ఇండికేటర్ బల్బు ఎర్త్ ద్వారా బయటపడుతుంది. అందుకే రెండూ అరకొరగా వెలుగుతాయి.

మరి మీటర్‌లో 12 వోల్టులు ఎలా వచ్చాయంటారా? బల్బు తీసేశాక ఆ తీగలో కరెంట్ పారడం దాదాపు ఉండదు. ఒక్క పోగు మిగిలిన తీగైనా అప్పుడు 12 చూపిస్తుంది. 21 వాట్ల బ్రేక్ బల్బు వెలగాలంటే సుమారు 1.75 ఆంపియర్లు పారాలి, తీగ బలహీనత బయటపడేది అప్పుడే. కాబట్టి బల్బు వేసే ఉంచండి, ఎవరినైనా బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. మీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక ప్రోబ్‌ను హోల్డర్ ఎర్త్ టెర్మినల్‌కూ, రెండోదాన్ని రంగు లేని బాడీ మెటల్‌కూ ఆనించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. ఒక వోల్టు దాటిందా, దొంగ దొరికినట్టే. హోల్డర్ ఎర్త్ నుంచి బాడీకి ఓ తీగ ముక్క కలిపి చూడండి, లైటు భగ్గుమంటే ఇక అనుమానమే లేదు. ఎర్త్ బోల్టు విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించండి. హోల్డర్‌లో పచ్చటి పొడి కనిపిస్తే నీళ్లు దిగుతున్నట్టు. అప్పుడు ల్యాంప్ సీలు కూడా మార్చాల్సిందే.

ఎల్‌ఈడీ బల్బు వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. అది తక్కువ కరెంట్‌తోనే వెలిగి లోపాన్ని కప్పిపెడుతుంది, అంతే.

ఎర్త్ సరిగ్గానే ఉండి, ల్యాంప్ డిక్కీ తలుపు మీద ఉన్నదైతే, తలుపు మడత దగ్గర రబ్బరు గొట్టంలోని తీగలు చూడండి. తెరిచి మూసి అక్కడే తెగుతుంటాయి.