అమెరికాలోని మిస్టిక్ సీపోర్ట్ అనే ఓడల మ్యూజియానికి రెండు గంటలు సరిపోతాయా?

సరిపోవు. అంతకుమించి టైమ్ లేదంటే మ్యూజియంలో పేర్చిపెట్టిన పాతకాలపు రేవు ఊరిని వదిలేసి, నేరుగా చార్లెస్ డబ్ల్యూ. మోర్గాన్ ఓడ ఎక్కండి. చాలామంది తిరగేసి చేస్తారు. కమ్మరి కొలిమి, మందుల కొట్టు, పీపాల దుకాణం ముందు ఫొటోలు దిగీ దిగీ అలసిపోయి, ఓడని ఒడ్డు నుంచే చూసి వెళ్లిపోతారు. మ్యూజియం ఉన్న కనెక్టికట్ రాష్ట్రం దాకా వచ్చింది అందుకా?

మేం మా మామగారిని తీసుకెళ్లాం. మోర్గాన్ 1841లో నీళ్లలోకి దింపిన తిమింగలాల వేట ఓడ. 37 సార్లు వేటకెళ్లొచ్చింది. ఆ రకం చెక్క ఓడల్లో ఇప్పటికి మిగిలింది ఇదొక్కటే. డెక్ మీద ఇటుకల పొయ్యి చూసి ఆయన ఆగిపోయారు.

"చెక్క ఓడ మీద పొయ్యేంటండీ, తగలబడిపోదూ?"

తిమింగలం కొవ్వు అక్కడే కరిగించి నూనె పీపాలకెత్తేవాళ్లు. డెక్ అంటుకోకుండా పొయ్యి అడుగున నీళ్లు ఉంచేవాళ్లు. నూనె దిగిపోయిన కొవ్వు తునకలే మళ్లీ పొయ్యిలోకి. అంటే వంటచెరకూ తిమింగలమే.

కింద కెప్టెన్ వైపు ఒక మంచం ఉంది, ఓడ ఎటు ఒరిగినా సమంగా ఉండేలా వేలాడదీసింది. నావికులకి మాత్రం ఓడ ముందు భాగంలో, ఇరుకులో, ఒకదాని మీద ఒకటి చెక్క పడకలు. మామగారు ఒక పడక వెడల్పు జానలతో కొలిచారు.

"ఇందులో ఎన్నాళ్లు?"

"ఒక్కోసారి మూడేళ్లు, ఇంకా ఎక్కువే."

"జీతమెంత?"

"నెల జీతం ఉండదండీ. నూనె అమ్మాక వాటా. దారిలో అప్పు మీద తీసుకున్న బట్టలూ, పొగాకూ అందులోనే కోసుకుంటారు."

"అదీ సంగతి. కెప్టెన్ మంచం ఎందుకు ఊగదో ఇప్పుడర్థమైంది" అన్నారు.

ఇక ఆ ఊరంటారా, నాకు నచ్చలేదు. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, అక్కడా ఇక్కడా ఉన్న పాత భవనాల్ని తెచ్చి పేర్చారు. తప్పులేదు, కానీ మరీ శుభ్రం. కుళ్లిన చేపా, తారూ, గుర్రప్పేడా కంపు కొట్టని రేవు ఎక్కడైనా ఉంటుందా?

ఊళ్లో నేను మినహాయించేది తాళ్లు పేనే షెడ్డు ఒక్కటే. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్లిమత్‌లో 1824లో కట్టిన పొడవాటి షెడ్డులో ఒక ముక్క. ఆ ముక్కే సుమారు 250 అడుగులు. నడుముకి నార చుట్టుకుని, వెనక్కి నడుస్తూ పోగు తీసేవాళ్లు. అందుకే అంత పొడవు. మీ పిల్లల్ని ఈ చివర నుంచి ఆ చివరికి వెనక్కి నడవమనండి, కాసేపు ఫోన్ అడగరు.