కాశీలో వదిలేసిన కాకరకాయ

నాయనా,

నీ జాబు అందింది. నీ కాశీయాత్ర పుస్తకం మీద నలుగురూ అన్న మాటలు ఎత్తిరాసి పంపిన కాగితాలూ అందాయి. కడపలో ఒకాయన కడుపుబ్బా నవ్వానన్నాడు. ప్రొద్దుటూరులో రిటైరైన అయ్యవారు ఒకాయన, కాశీ పేరు పెట్టి కాశీని ఐదు పేజీల్లో ముగించావనీ, మిగతాదంతా బస్సూ వంటా కడుపునొప్పేననీ విసుక్కున్నాడు. ఒకామె ఫోన్ చేసి ముసలోళ్ళ భక్తిని ఎగతాళి చేస్తావా అని గట్టిగా పెట్టింది. గుంటూరాయనకు మన భాషే అర్థం కాలేదు. ‘ఎవరి మాట వినాలి సార్, రెండో ముద్రణ అంటేనే టెన్షన్‌గా ఉంది’ అని నువ్వు.

నిన్న మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని నీ పుస్తకం మళ్ళీ మొదటినుంచి చదివాను. ఎవరు ఏ పేజీ ఎత్తారో ఆ పేజీ అంచున పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకుంటూ పోయాను. మెచ్చినా గీతే, తిట్టినా గీతే. చివరికి చూస్తే మెచ్చినవాళ్ళూ తిట్టినవాళ్ళూ అవే పేజీల దగ్గర గుమిగూడి ఉన్నారు.

అన్నిటికన్నా ఎక్కువ గీతలు పడింది కాకరకాయ పేజీకి. కాశీకి పోతే ఇష్టమైన కూర ఒకటి, పండు ఒకటి వదలాలి కదా. కేదార్ ఘాట్ మెట్ల మీద మీ బస్సు జనమంతా కూర్చుని ఏది వదలాలా అని తర్జనభర్జన పడటం, మీ అవ్వ కాకరకాయ అనడం, ‘నీకు ఆ కాయంటే మొదట్నుంచీ పడదు గదక్కా’ అని పక్కనామె నిలదీయడం. పండు దగ్గరకొచ్చేసరికి మీ అవ్వ ఆపిల్ అంది. ‘మామిడిపండు వదిలేస్తే ఇంక ఎండాకాలం బతికేదెందుకు’ అన్న ఆమె మాటకు నేనూ నవ్వాను.

ఆ ఫోన్ చేసినామె నవ్వలేదు. ఆమె కాశీలో ఏం వదిలిందో అడిగావా? నిజంగా ఇష్టమైనదే వదిలి ఉంటుందని నా అనుమానం. మా అమ్మ జామపండు వదిలింది. పెరట్లో చెట్టు. పండ్లు తనే కోసి మాకు పంచేది, తర్వాత చేతులు ఒకసారి వాసన చూసుకుని కడుక్కునేది. అలా బతికిన మనిషికి నీ పేజీ ముల్లులా గుచ్చుకోకుండా ఉంటుందా? ఆమె తప్పు చదవలేదు, కడపాయనా తప్పు చదవలేదు. ఆ పేజీలో ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దు. మీ అవ్వ మీద నీకెంత ప్రేమో అందులో కనబడుతూనే ఉంది. అది చాలదన్నవాళ్ళకు సంజాయిషీ రాస్తూ కూర్చుంటే ఉన్న నవ్వు కాస్తా చచ్చిపోతుంది.

అయ్యవారి ఫిర్యాదు గురించి నిద్ర పాడుచేసుకోకు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నం వదిలి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన పుస్తకం తీసి చూడు. ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ నీళ్ళు మంచివి, దిగడానికి చోటుందా లేదా, దారి ఎట్లాంటిది, అడుగడుగునా ఇదే. నవ్వించాలని రాసింది కాదనుకో. కానీ పరివారాన్ని వెంటబెట్టుకుని పోయే మనిషికి రాత్రి వంట ఎక్కడన్నది చిన్న విషయం కాదు. నాగపూరు దాటాక రోడ్డు పక్కన మీ వంటమాస్టరు గ్యాస్ సిలిండర్ దించి ఉగ్గాని చేస్తుంటే, బంకువాళ్ళు నీళ్ళ ట్యాప్ కట్టేశారని రాశావే, ఆ వంశం పాతదే.

ఇక నువ్వు వినాల్సిన మాట. కాగితాల చివర, దాచినట్టు చిన్న అక్షరాలతో రాశావు. ఒక లారీ డ్రైవరు అన్నది: ‘అనంతపురం నుంచి కర్నూలుకు గంటలో పోయినారంట, అది బస్సా, ఇమానమా?’ దాదాపు నూటయాభై కిలోమీటర్లు నాయనా! హాస్యానికి పెంచి రాశానని చెప్పకు. పెంచితే పెంచినట్టు తెలియాలి, ఇది ఊరికే చూసుకోకపోవడం. నాకూ తగిలింది ఈ దెబ్బ. నా మొదటి పుస్తకంలో ఒక బస్టాండు పక్కన సంగటి హోటలు యజమాని మీసం మీద పేజీన్నర రాశాను. ఆయన పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. తంతాడనుకున్నా. ‘మీసం గురించి రాసినావు, సరే, మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు. ముద్ద మూడు రూపాయలైతే ఐదని రాసినావే, జనం నన్నేమనుకోవాల?’ అన్నాడు. ఆయన కాఫీ తాగి పోయాక కూడా నేను చాలాసేపు తలెత్తలేదు.

గుంటూరాయన ఓళిగ అంటే ఏదో గిన్నె అనుకుని మూడు పేజీలు చదివాడట. తీరా వాళ్ళు దాన్ని తింటుంటే ఉలిక్కిపడ్డాడట! ఇది ఫిర్యాదెట్లా అవుతుంది, నీ పుస్తకంలో సగం జోకులకంటే బాగుంది. వెనక అర్థాల పట్టిక పెట్టకు. ఓళిగ మీద నెయ్యి పోయించు, ఆయనకే తెలుస్తుంది. బొరుగులు, చెనిక్కాయలు కూడా అంతే. ఆయన అనకపోయినా నాకు తగిలిన ముల్లు ఒకటుంది. పుస్తకంలో డ్రైవరు, వంటమాస్టరు, అవ్వ, అందరూ మన యాసలో మాట్లాడతారు. ‘యాడికి పోతాండావు’ అని డ్రైవరు అడిగితే నువ్వు మాత్రం ‘ఎక్కడికీ లేదండీ’ అంటావు. ప్రొద్దుటూరులో పుట్టినవాడివి, నిజంగా అట్లనే అన్నావా? సినిమాలవాళ్ళు మన మాటను నవ్వులాటకు వాడేది ఇట్లనే కదా. నీ నోటికీ ఆ యాస ఇవ్వు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఒక్క గీత కూడా పడని పేజీలు పదకొండు తేలాయి. అన్నీ ప్రయాగ అధ్యాయంలోవే. గంగ తెలుపు, యమున నలుపు, సరస్వతి అంతర్వాహిని, కుంభమేళా మహిమ. ఎవరూ తిట్టలేదని అది బాగుందనుకున్నావేమో. అక్కడ అవ్వ లేదు, వంటమాస్టరు లేడు, నువ్వూ లేవు. బోర్డు మీద రాసింది చూసి ఎక్కించినట్టుంది. మధ్యలో ఒక్క వాక్యం: ‘కొందరు దంపతులు వేణీదానం చేశారు.’

అంతేనా? మొన్న ఫోన్‌లో నాకు చెప్పింది ఎక్కడికి పోయింది? ఆ కదిరి పెద్దాయన సంగమం దగ్గర పడవలో భార్యకు జడ వేయబోయి, యాభై ఏళ్ళ కాపురంలో ఒక్కనాడూ దువ్వెన పట్టనివాడు, రెండు పాయలతో తిప్పలు పడుతుంటే, ఆమె వెనక్కి తిరక్కుండానే ‘మూడు పాయలు, మూడు’ అని అరిచిందని చెప్పావు. జడ కొస కత్తిరించి నీళ్ళలో వేస్తే తేలకుండా మునుగుతుందంటారు కదా, అది మునిగిందాకా ఆయన వంగి చూస్తూనే ఉన్నాడనీ, పడవవాడు కూర్చోమని కేకలేశాడనీ చెప్పావు. ఎందుకు రాయలేదంటే ఎవరైనా నొచ్చుకుంటారేమో అన్నావు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ. పదకొండు పేజీలూ తీసేసి ఆ పడవ ఒక్కటీ రాసి పంపు. ఉగాది దాకా నేను ఊళ్ళోనే ఉంటాను. పంపేముందు ఆ కదిరి దంపతులకు చదివి వినిపించు, పాయల లెక్క తప్పు పోతే ఆమె ఊరుకోదు.

ఆశీస్సులతో,
అనంతపురం నుంచి, నీ సార్