యుద్ధం వ్యర్థమని సినిమా ఎలా చెబుతుంది?

చేసిన త్యాగానికీ దక్కిన ఫలితానికీ పొంతన లేకుండా కథ నడిపి చెబుతుంది, డైలాగులతో కాదు.

మామూలు కథలో హీరో కష్టానికి గెలుపు వస్తుంది. ఇక్కడ ఆ లెక్క తప్పుతుంది: ప్రాణాలిచ్చి పట్టుకున్న గుట్టను మర్నాడే వదిలేస్తారు, ఆర్డర్ వేసినవాడు మ్యాప్ దగ్గర క్షేమంగా ఉంటాడు. సంగీతం కూడా తగ్గిస్తారు. మన ఛాతీ గర్వంతో పొంగకూడదు కదా!

స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'పాత్స్ ఆఫ్ గ్లోరీ' (1957) చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక ఫ్రెంచ్ జనరల్ ప్రమోషన్ ఆశతో, గెలవలేమని తెలిసిన దాడికి సైనికుల్ని తోస్తాడు. దాడి విఫలమవుతుంది. పిరికితనం అనే నేరం మోపి ముగ్గురిని కాల్చేస్తారు, అదీ సొంత సైన్యమే. శత్రు సైనికులు తెరపై కనిపించరు కూడా.

రక్తం, శవాలు ఎక్కువ చూపిస్తే అది యుద్ధ వ్యతిరేక సినిమా అనుకోవడం పొరపాటు. పేలుళ్లు భారీగా ఉంటే థియేటర్లో జనం విజిల్ వేస్తారు. అక్కడ యుద్ధం పండగలా మారిపోయినట్టే. అలాగే, ఇలాంటి సినిమా సైనికుణ్ణి కించపరచదు. దాని కోపమంతా అతణ్ణి అనవసరంగా పంపినవాళ్ల మీదే.