బిల్డ్ పాసైనా తర్వాతి జాబ్‌కి డాకర్ ఇమేజ్ దొరకడం లేదా? ముందు ట్యాగ్‌ని అనుమానించండి

మీ సీఐ పైప్‌లైన్‌లో (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, టెస్ట్ జాబ్‌లని వరుసగా నడిపే ఏర్పాటు) డాకర్ ఇమేజ్ తయారుచేసే బిల్డ్ జాబ్ పాసవుతోంది, దాన్ని వాడే తర్వాతి టెస్ట్ జాబ్ మాత్రం "మ్యానిఫెస్ట్ అన్‌నోన్" అని ఆగిపోతోంది, రీట్రై కొడితే ఒక్కోసారి పాసవుతోంది అన్నారు. ఆ "ఒక్కోసారి" అన్న మాటే అసలు ఆచూకీ.

ఎర్రర్‌లో ఏ మాట ఉందో చూస్తే సగం పని తగ్గుతుంది. మ్యానిఫెస్ట్ అన్‌నోన్ అంటే రిజిస్ట్రీ (ఇమేజ్‌లు దాచే సర్వర్) దాకా వెళ్లారు, లోపలికి రానిచ్చింది, కానీ మీరడిగిన పేరు, ట్యాగ్‌తో (పేరు చివర వచ్చే వెర్షన్ గుర్తు) అక్కడ ఏమీ లేదు. కాబట్టి పాస్‌వర్డ్‌లు, టోకెన్లు మార్చుకుంటూ కూర్చోకండి. "పుల్ యాక్సెస్ డినైడ్" వస్తే వేరే కథ. రిపాజిటరీ లేకపోయినా, ఉండి మీకు అనుమతి లేకపోయినా డాకర్ హబ్ (డాకర్ వాళ్ల సొంత రిజిస్ట్రీ) అదే జవాబిస్తుంది. పైగా వేరియబుల్ ఖాళీగా ఉండి ఇమేజ్ పేరులోంచి రిజిస్ట్రీ అడ్రస్ ఎగిరిపోతే, డాకర్ మీ ప్రైవేట్ రిజిస్ట్రీని వదిలేసి నేరుగా హబ్‌కి వెళ్తుంది. అప్పుడూ ఈ ఎర్రరే.

ఇక మీ సమస్య. మా టీమ్‌లో అచ్చం ఇలాగే జరిగింది. ఒక రన్నర్‌లో (జాబ్‌లని నడిపే మెషీన్) పాస్, ఇంకో రన్నర్‌లో ఫెయిల్. నెట్‌వర్క్ అని కొందరు, రిజిస్ట్రీ స్లో అని కొందరు. చివరికి రెండు జాబ్‌లలోనూ ఇమేజ్ పూర్తి పేరుని ఎకో చేయించి పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదాని ట్యాగ్‌లో ఏడు అక్షరాలు, రెండోదానిలో ఎనిమిది! ట్యాగ్‌కి గిట్ రెవ్-పార్స్ షార్ట్ వాడుతున్నారు, అంటే కమిట్ ఐడీని (దీన్నే షా, SHA అంటారు) కుదించి ఇచ్చే గిట్ కమాండ్. దాని పొడవు స్థిరం కాదు. గిట్ 2.11 నుంచి రిపాజిటరీలో ఎన్ని ఆబ్జెక్టులు ఉన్నాయో అంచనా వేసి ఆ పొడవుని తనే నిర్ణయించుకుంటుంది. షాలో క్లోన్ (shallow, పాత చరిత్ర లేకుండా ఇటీవలి కమిట్‌లే తెచ్చుకోవడం) చేసిన రన్నర్‌లో ఆబ్జెక్టులు తక్కువ, పాత క్లోన్‌నే అప్‌డేట్ చేసుకుంటూ వచ్చిన రన్నర్‌లో ఎక్కువ. కమిట్ ఒకటే, ట్యాగ్‌లు రెండు. గిట్‌ల్యాబ్ ఇచ్చే షార్ట్ షా వేరియబుల్ ఎప్పుడూ ఎనిమిది అక్షరాలే, కాబట్టి ఒక జాబ్‌లో అది, ఇంకో జాబ్‌లో గిట్ కమాండ్ వాడినా ఇదే గొడవ. 40 అక్షరాల పూర్తి షా పెట్టేస్తే పోతుంది. చూడ్డానికి అందంగా ఉండదు, నిజమే, కానీ ఆ ట్యాగ్‌ని చదివేది మెషీన్లే కదా.

ఇంకా గట్టిగా కావాలంటే ట్యాగ్‌ని నమ్మకుండా డైజెస్ట్ (ఇమేజ్‌లోని సరుకు నుంచే లెక్కకట్టిన గుర్తు) వాడండి. డాకర్ బిల్డ్ టూల్ అయిన బిల్డెక్స్‌కి మెటాడేటా ఫైల్ ఆప్షన్ ఉంది, పుష్ అయిన ఇమేజ్ డైజెస్ట్ అందులో పడుతుంది. ఆ ఫైల్‌ని ఆర్టిఫ్యాక్ట్‌గా (ఒక జాబ్ దాచి ఇంకో జాబ్‌కి అందించే ఫైల్) తర్వాతి జాబ్‌కి పంపితే పేరు తప్పే ప్రశ్నే రాదు.

ట్యాగ్‌లు రెండూ ఒకటే అయితే, పుష్ (ఇమేజ్‌ని రిజిస్ట్రీకి పంపడం) నిజంగా జరిగిందా చూడండి. బిల్డెక్స్ డాకర్-కంటైనర్ డ్రైవర్‌తో (బిల్డ్‌ని విడిగా ఒక కంటైనర్‌లో నడిపే పద్ధతి) నడుస్తుంటే, పుష్ గానీ లోడ్ (ఇమేజ్‌ని ఆ మెషీన్‌లోని డాకర్‌కి ఇవ్వడం) గానీ అడగకపోతే ఇమేజ్ బిల్డ్ క్యాషేలోనే ఉండిపోతుంది. లాగ్‌లో ఒక వార్నింగ్ పడుతుంది తప్ప జాబ్ ఫెయిల్ కాదు, అందుకే ఎవరి కంటా పడదు. మామూలు డాకర్ బిల్డ్ అయితే ఇమేజ్ ఆ రన్నర్ మెషీన్‌లోనే ఉంటుంది. రెండు జాబ్‌లూ అదృష్టవశాత్తు ఒకే మెషీన్‌లో పడితే లోకల్ ఇమేజ్‌తో పని జరిగిపోతుంది, లేకపోతే లేదు. మీ "ఒక్కోసారి"కి ఇదీ కారణం కావచ్చు. బిల్డ్ జాబ్ చివర, ఇమేజ్ రిజిస్ట్రీలో ఉందో లేదో అడిగే డాకర్ మ్యానిఫెస్ట్ ఇన్‌స్పెక్ట్ కమాండ్ ఒక లైన్ పెట్టండి. రిజిస్ట్రీలో ఇమేజ్ లేకపోతే బిల్డ్ జాబే అక్కడ ఎర్రగా అవుతుంది, నింద టెస్ట్ జాబ్ మీద పడదు.

పాత పైప్‌లైన్‌ని రీరన్ చేసినప్పుడు మాత్రమే ఇలా వస్తుంటే ఇవేవీ కాదు. రిజిస్ట్రీలో క్లీనప్ పాలసీ పాత ట్యాగ్‌లని తీసేస్తూ ఉండొచ్చు. టెస్ట్ జాబ్ ఒక్కటే కాకుండా బిల్డ్ నుంచి రన్ చేయండి.