ఒక ట్యూబ్ తీసేస్తే మళ్లీ పిల్లలు పుడతారా?

అండాన్ని గర్భాశయానికి చేరవేసే రెండు ట్యూబుల్లో కుడివైపు దాంట్లో గర్భం నిలిచి, ఆ ట్యూబ్ తీసేశారని, ఇక తల్లినవుతానా అని బెంగళూరు మారతహళ్లి నుంచి ఒకరు అడిగారు. అవకాశం బాగానే ఉందమ్మా. రెండో ట్యూబ్ ఆరోగ్యంగా ఉంటే, పదిమందిలో దాదాపు ఆరుగురికి 2, 3 ఏళ్లలో మామూలుగానే గర్భం వస్తుంది. కుడి అండాశయం వదిలిన అండాన్ని కూడా ఒక్కోసారి ఎడమ ట్యూబ్ అందుకుంటుంది, అందుకే అవకాశం సగానికి పడిపోదు. రెండోదీ పాడైనా, అండాన్ని శరీరం బయట ఫలదీకరణం చేసి గర్భాశయంలో పెట్టే ఐవీఎఫ్ ఉంది, దానికి ట్యూబులతో పని లేదు.

మళ్లీ ట్యూబులోనే నిలిచే ప్రమాదం సుమారు 10 శాతం. నెల తప్పగానే డాక్టరుకు చెప్పి, ఆరో వారంలో స్కాన్ చేయించుకోండి. పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే ట్రాఫిక్ తగ్గాక వెళ్దాంలే అనుకోకండి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. పోయిన గర్భం గురించి ఏడుపొస్తే ఏడవండి, దాచుకోకండి.